75 బంతుల మీద ఒక వాదోపవాదం

అట్లాంటాకు ఉత్తరాన కమింగ్ అనే ఊళ్లో ఉంటాం. ఇక్కణ్ణుంచి కారులో గంట పైచిలుకు వెళ్తే కావింగ్టన్ వస్తుంది. స్టెఫాన్ కాసిల్ అక్కడి న్యూటన్ హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడిన కుర్రాడు. అందుకే మా ఇంట్లో అతని పేరు పక్కింటి పిల్లాడి పేరులా పలుకుతుంది.

2023-24లో అతను కనెటికట్ యూనివర్సిటీలో, అందరూ యూకాన్ అనే చోట, మొదటి ఏడాది విద్యార్థి. ఆ ఏడాది 75 త్రీ పాయింటర్లు, అంటే దూరం గీత బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే షాట్లు, వేస్తే 20 పడ్డాయి. అంటే 26.7 శాతం. అదే ఏడాది ఏప్రిల్ 8న యూకాన్ 75-60తో పర్డ్యూని ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. కాసిల్ రెండో ఏడాది చదవలేదు. జూన్‌లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, శాన్ ఆంటోనియో స్పర్స్ అతన్ని 4వ స్థానంలో తీసుకుంది. 2025 ఏప్రిల్ ఆఖర్లో అతనికి ఎన్‌బీఏలో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు వచ్చింది.

ఆ వారం శనివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆయనా, మా తమ్ముడూ పట్టుకున్నారు. మా ఆయన సివిల్ ఇంజినీరు. తమ్ముడు కాకినాడలో చదివేటప్పుడు కాలేజీ టీముకు ఆడాడు, ఇప్పుడు ఆదివారాలు మా వీధి పిల్లలకు ఆట నేర్పుతాడు. మాటలన్నీ కాసిల్ గురించే. కానీ మేడ మీద గదిలో మా పెద్దాడున్నాడు. పదహారేళ్లు, హైస్కూల్ టీములో ఆడతాడు. ఎదుటివాణ్ణి అడ్డుకోవడంలో దిట్ట. దూరం నుంచి వేస్తే మాత్రం పడదు. ఈ సంగతి ఆ రాత్రి చాలాసేపు ఎవరూ ఎత్తలేదు.

మా ఆయన: అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా ఒంపక్కర్లేదురా. ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. కాసిల్ విషయంలో 75 మెతుకులు పట్టుకుని చూశారు. గట్టిగానే ఉన్నాయి. మంచి ఆటగాడు, కాదనను. షూటర్ కాదు, కాడు కూడా.

తమ్ముడు: కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి బావా. అందుకని ఒకటి చూస్తే మిగతావి తెలుస్తాయి. ఈ 75 బంతులకి అలాంటి లక్షణం లేదు. నవంబర్లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆరు మ్యాచ్‌లు కూర్చున్నాడు. తిరిగొచ్చి మొత్తం 34 ఆడాడు. అంటే ఆటకి రెండు త్రీలు. ఒకటి మొదటి పది నిమిషాల్లో, ఇంకొకటి అరగంట సేపు ఎదుటి జట్టులో బంతి నడిపే గార్డు వెనక పరిగెత్తి కాళ్లు బరువెక్కాక. సరే, అన్నీ ఒకటే అనుకుందాం. మూడింట ఒకటి వేసేవాణ్ణి ఎవరూ చెడ్డ షూటర్ అనరు. 75లో మూడో వంతు 25. ఇతనివి 20 పడ్డాయి. తేడా అయిదు బంతులు. అయిదు నెలల్లో అయిదు బంతులు! రింగు అంచు మీద తిరిగి బయటికి జారినవి లోపలికి జారితే ఈ గొడవే లేదు.

మా ఆయన: జారేవి ఒకవైపే జారతాయా? లోపలికి జారినవాటిలో అయిదు బయటికి జారుంటే 15 పడేవి. 20 శాతం. అప్పుడు నువ్వే ఇతని త్రీల ఊసెత్తేవాడివి కాదు. చిన్న లెక్కలో పొరపాటు ఉంటుందంటే అది రెండు వైపులా ఉంటుంది. నీకు కావలసిన వైపే తీసుకోకు.

తమ్ముడు: ఒప్పుకుంటాను. నేనంటున్నది అతను మంచి షూటరని కాదు. ఈ 75 చూసి ఏమీ చెప్పలేమని.

మా ఆయన: నువ్వు చెప్పలేవు. ఎదుటి కోచ్‌లు చెప్పారుగా! అతన్ని కాపలా లేకుండా వదిలేసి లోపలికి మూగారు. వాళ్లకది ఉద్యోగం. గెలుపు ఓటముల మీద జీతాలు ఆధారపడ్డవాళ్లు ఊరికే వదులుతారా?

తమ్ముడు: అయిదుగురిలో ఒకణ్ణి వదలక తప్పదు బావా. ఆ జట్టులో ఇంకెవర్ని వదులుతారు? క్యామ్ స్పెన్సర్ త్రీలు 44 శాతం వేశాడు. లోపల 7 అడుగుల 2 అంగుళాల డోనొవన్ క్లింగన్. ట్రిస్టన్ న్యూటన్, అలెక్స్ కరబాన్ ఇద్దరూ ఆరితేరినవాళ్లు. మిగిలింది పందొమ్మిదేళ్ల కుర్రాడు. అతన్ని వదిలారంటే అతనికి రాదని తేలినట్టు కాదు, మిగతావాళ్లంటే ఎక్కువ భయపడ్డారని. అయినా సెమీఫైనల్లో అలబామా మీద 21 పాయింట్లు చేశాడు.

(ఇక్కడ మా తమ్ముడిదే పైచెయ్యి అనిపించింది నాకు. వదిలేశారన్న మాట విన్నప్పుడల్లా మా వాడే గుర్తొస్తాడు. పోయిన సీజన్లో ఒక ఆటలో వాడి ఎదురుగా ఎవరూ లేరు. మనిషి అంటూ లేని ఖాళీ. చేతిలో బంతి. వాడు రింగు వైపు చూడలేదు, గ్యాలరీలో నా వైపు చూశాడు.)

మా ఆయన: సరే, త్రీలు వదిలేయ్. మరి దేన్ని బట్టి చెప్తావు?

తమ్ముడు: ఫ్రీ త్రోలు, ఫౌల్ చేస్తే ఇచ్చే ఉచిత షాట్లు. 15 అడుగులు, ఎదురుగా ఎవరూ ఉండరు, తొందర పెట్టేవాళ్లు లేరు. చెయ్యి మెత్తదా మొరటుదా అక్కడ బయటపడుతుంది. కాసిల్ మొదటి ఏడాది 75.5 శాతం వేశాడు. నాలుగింట మూడు. చెయ్యి లేనివాడు అలా వెయ్యలేడు. దూరం పెరిగినప్పుడు కాళ్లనుంచి బలం ఎలా తేవాలో నేర్పితే చాలు.

మా ఆయన: ఈ మాట అంటావని తెలుసు. మైకేల్ కిడ్-గిల్‌క్రిస్ట్ గుర్తున్నాడా? కెంటకీ యూనివర్సిటీలో 2011-12, మొదటి ఏడాది. త్రీలు 51కి 13, అంటే 25.5 శాతం. ఫ్రీ త్రోలు ఎంతో తెలుసా? 74.5. నీ కాసిల్ కంటే ఒక్క శాతం తక్కువ. ఇతనిలాగే అడ్డుకోవడంలో పులి, ఇతనిలాగే ఛాంపియన్ జట్టు. డ్రాఫ్ట్‌లో ఆంథొనీ డేవిస్ తర్వాత 2వ స్థానంలో షార్లెట్ జట్టు తీసుకుంది. ఏమైంది? షాట్ రాలేదు. 2020 తర్వాత ఎన్‌బీఏలో మళ్లీ ఆడలేదు.

తమ్ముడు: కవై లెనర్డ్ గుర్తున్నాడా? శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీలో 2009-10, మొదటి ఏడాది. త్రీలు 20.5 శాతం, ముగ్గురిలోకీ కనాకష్టం. ఫ్రీ త్రోలు 72.6. ఇండియానా జట్టు 15వ స్థానంలో తీసుకుని అప్పటికప్పుడే జార్జ్ హిల్ కోసం స్పర్స్‌కి ఇచ్చేసింది. ఎన్‌బీఏ మొదటి సీజన్లోనే త్రీలు 37.6 శాతం. 2014లో ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు.

కూరగాయల చీటీ వెనక నేనివి ఒకదాని కింద ఒకటి రాశాను. కిడ్-గిల్‌క్రిస్ట్ 25.5, 74.5. కాసిల్ 26.7, 75.5. లెనర్డ్ 20.5, 72.6. పేర్లు చెరిపేసి ఎవరికైనా ఇస్తే, ఒకడికి షాట్ వచ్చి ఇంకొకడికి రాలేదని ఈ అంకెలు చూసి చెప్పగలరా? పైగా మూడింటిలో చెడ్డ అంకెలున్నవాడే పైకొచ్చాడు. చీటీ ఇద్దరి మధ్యా పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా మటుకు ఆ రాత్రి వాదానికి కీలకం ఆ మూడు వరసలే. అంతకుముందు ఇద్దరూ అంకెలతో కొట్టుకున్నారు. ఆ తర్వాతే చేతుల గురించి, మనుషుల గురించి మాట్లాడారు.

మా ఆయన: తేడా అంకెల్లో లేదంటే మోచేతిలో ఉంది. కిడ్-గిల్‌క్రిస్ట్ షాట్ చూశావుగా. బంతి పైకి తీసుకెళ్తూ మధ్యలో ఆగేవాడు, మోచెయ్యి పక్కకి పోయేది. పునాదిలో వంకర ఉంటే పై అంతస్తులో సరిచెయ్యలేం. మార్క్ ప్రైస్‌ని తెచ్చి నేర్పించారు కదా, తన కాలంలో 90.4 శాతం ఫ్రీ త్రోలు వేసినవాణ్ణి. అంతటివాడు కూర్చోబెట్టి నేర్పినా పూర్తిగా పోలేదు.

తమ్ముడు: పోతున్న టైములో 2015లో భుజం దెబ్బతింది బావా. ఆ సీజన్ దాదాపు మొత్తం పోయింది. మార్చుకున్న షాట్‌కి దెబ్బతిన్న భుజం తోడైతే ఏం నిలుస్తుంది? మీరు వంకర అంటున్నారు, నేను కాలం కలిసిరాలేదు అంటాను. లెనర్డ్‌కీ వంకర ఉంది. బంతిని మరీ పైకి, తలమీదికి తీసుకెళ్లి వదిలేవాడు. స్పర్స్‌లో షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలండ్ అది కనిపెట్టి కొంచెం ముందుకి దించాడు. 2011 జూన్ 23న డ్రాఫ్ట్, జూలై 1 నుంచి లాకౌట్. జీతాల తగువుతో లీగ్ తలుపులు మూసేశారు, జట్టు మనుషులు ఆటగాళ్లతో మాట్లాడకూడదు. మధ్యలో ఉన్నది వారం రోజులు! ఆ వారంలో చెప్పింది పట్టుకుని కుర్రాడు ఒంటరిగా సాధన చేసుకున్నాడు. డిసెంబర్ 25న సీజన్ మొదలయ్యేసరికి వేరే మనిషి.

మా ఆయన: నువ్వే చెప్పావు, ఎంగెలండ్ అని. ఆయన 2022లో ఓక్లహోమా జట్టుకి వెళ్లిపోయాడు. వైద్యుడు ఊరు మారాక ఆస్పత్రి పేరు చూసి చేరితే ఏం లాభం? ఇంకోటి. లెనర్డ్ పని వేరు. స్పర్స్ సీనియర్లు డంకన్, పార్కర్, జినోబిలి ఆట నడిపితే ఇతను మూలన నిలబడేవాడు. మూలన గీత 22 అడుగులే. కాళ్లు కుదురుగా పెట్టుకుని, వచ్చిన బంతి పట్టుకుని వెయ్యడం. కాసిల్ బంతి చేత్తో కొట్టుకుంటూ వచ్చి వెయ్యాలి. అది నాలుగింతలు కష్టం. ఇక నీ అయిదు బంతుల లెక్క కూడా ఇప్పుడు చెల్లదు. ఎన్‌బీఏ మొదటి ఏడాది మూడు వందలకు పైగా త్రీలు వేశాడు. 28.5 శాతం. ఇప్పుడేమంటావు?

తమ్ముడు: ఈ దెబ్బ తగిలింది, దాచను. ఫ్రీ త్రోలు కూడా 72.4కి దిగాయి. కానీ రెండు చూడండి. కాలేజీలో గీత 22 అడుగుల ఒకటిన్నర అంగుళాల పైన, ఇక్కడ పైభాగంలో 23 అడుగుల 9 అంగుళాలు. అడుగున్నర వెనక్కి వెళ్లి కూడా శాతం పడిపోలేదు, కాస్త పెరిగింది. రెండోది, ఆటకి రెండు వేసేవాడు నాలుగు వేస్తున్నాడు. వెయ్యమని చెప్పినవాళ్లున్నారు, తప్పితే బెంచీ మీదికి లాగనివాళ్లున్నారు. షాట్ రావడానికి ముందు రావలసింది అదే.

మా ఆయన: అవార్డు దేనికి వచ్చిందసలు? ఆటకి 14.7 పాయింట్లు 28.5 శాతం త్రీలతో చేశాడు. లోపలికి చొచ్చుకెళ్లాడు, అడ్డుకున్నాడు, పాస్ ఇచ్చాడు. నా మాట అదే కదరా! రానిదాని వెంట పడకుండానే అంత పెద్ద పేరొచ్చింది. మనిషికి ఉన్నవి 24 గంటలే. వేసవంతా షాట్ మీద కూర్చుంటే కాళ్ల పని ఎప్పుడు? లేనిదాని కోసం ఉన్నది పోగొట్టుకుంటారు చాలామంది. ఎవరూ వాళ్ల పేర్లు చెప్పరు. లెనర్డ్ పేరు మాత్రం ప్రతివాడూ చెప్తాడు. వందమంది ప్రయత్నిస్తే దాటినవాడొక్కడే మనకి కనిపిస్తాడు.

(ఇది మా ఆయన మాటల్లో అన్నిటికంటే బలమైనది. దీనికి తమ్ముడు ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేదనే నా అభిప్రాయం.)

తమ్ముడు: జేలెన్ బ్రౌన్ పేరు కూడా చెప్తాను. మన మారియెట్టా పిల్లాడే. కాలిఫోర్నియా యూనివర్సిటీలో మొదటి ఏడాది 29.4 శాతం త్రీలు, ఫ్రీ త్రోలు 65.4. ఎన్‌బీఏ రెండో ఏడాదికి త్రీలు 39.5. పోయినేడు ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు. అటువైపు నుంచి మార్కెల్ ఫుల్ట్జ్. వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదటి ఏడాది త్రీలు 41.3 శాతం. మీ మెతుకు లెక్కన అన్నం మెత్తగా ఉడికింది. 2017లో అందరికంటే ముందు తీసుకున్నారు. తీసుకున్నాక షాటే మాయమైంది.

మా ఆయన: అతని ఫ్రీ త్రోలు 64.9. నువ్వు నమ్మే పరీక్ష అప్పుడే చెప్పింది.

తమ్ముడు: మరి బ్రౌన్‌వీ 65.4 కదా? అతని విషయంలో ఎందుకు తప్పింది? ఫుల్ట్జ్‌కి భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయాయని 2018 డిసెంబర్లో గానీ తేలలేదు. అంతవరకూ లోకమంతా పిల్లాడికి మతి చెడిందంది. అప్పటికి నిండా ఇరవై ఏళ్లు. ఏ పరీక్షా జాతకం కాదు బావా. ఫ్రీ త్రోలు కాస్త దారి చూపిస్తాయి, అంతే.

మా ఆయన: జాతకం కాకపోతే డ్రాఫ్ట్‌లో ఏం చూసి తీసుకోవాలి? వాళ్లకీ ఏదో ఒకటి కావాలిగా.

తమ్ముడు: అసలు చిక్కు అక్కడే ఉంది. 2006 నుంచి రూలేమిటి? డ్రాఫ్ట్‌లోకి రావాలంటే హైస్కూల్ అయ్యాక ఒక ఏడాది గడవాలి, ఆ ఏడాదిలోగా పందొమ్మిదేళ్లు నిండాలి. దాంతో బాగా ఆడేవాడు కాలేజీలో ఒక్క ఏడాది ఉంటాడు. ఆ 34 ఆటలే పరీక్ష, అవే మార్కులు. లెనర్డ్ రెండేళ్లున్నాడు కాబట్టి 20.5 కాస్తా 29.1 అవడం జనం చూశారు. కాసిల్‌కి రెండో ఏడాది లేదు. తప్పుల మీద తప్పులు చేసి నేర్చుకోవలసిన వయసులో ప్రతి తప్పునీ రాసి పెట్టుకుంటున్నాం. ఫిలడెల్ఫియాకి ఆడిన బెన్ సిమన్స్‌ని చూడండి. 2021లో అట్లాంటా వాళ్లతోనే, ఏడో ఆట. రింగు కింద ఉన్నాడు, ఎగిరి వేసేస్తే అయిపోయేది. పాస్ ఇచ్చేశాడు. ఆ ప్లేఆఫ్స్‌లో ఫ్రీ త్రోలు 34.2 శాతం. మోచేతి జబ్బు కాదది. వేస్తే తప్పుతుంది, తప్పితే అంటారు అనే జబ్బు.

మా ఆయన: అంటే? నేనెవరినో అంటున్నానంటావా?

ఇంతసేపూ కాసిల్ పేరు చాటున ఉన్నది ఇప్పుడు బల్ల మీదికొచ్చింది. తమ్ముడు నా వైపు చూశాడు. నేనే చెప్పాను. ప్రతి ఆట తర్వాత కారు ఎక్కగానే మీరడిగే మొదటి మాట ‘ఎన్ని వేశావు, ఎన్ని పడ్డాయి’ అని. వాడు ఇప్పుడు వెయ్యడమే మానేశాడు. వెయ్యకపోతే ఆ ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు కదా.

మా ఆయన: (చాలాసేపటికి) నేను అడిగేది తక్కువ చేసి కాదు. వాడికి అడ్డుకోవడం వచ్చు. అది అందరికీ రాదు. దాంతో జట్టులో చోటుంటుంది. రాని షాట్ వేసి వేసి ఆ చోటు కూడా పోతుందేమోనని.

తమ్ముడు: నాకు తెలుసు బావా. వాడి మోచెయ్యి కూడా పక్కకి పోతుంది, మీరన్న వంకర వాడికుంది. అది నేనూ చూశాను. వేసవి మొత్తం వద్దు. రోజుకి అరగంట. రింగుకి అయిదడుగుల దూరం నుంచి, ఒంటి చేత్తో. త్రీలు ఇప్పుడే వద్దు. పడిందా లేదా అని లెక్క పెట్టొద్దు, మోచెయ్యి ఎక్కడుందో చూద్దాం. మిగతా టైమంతా మీరన్న కాళ్ల పనికే.

మా ఆయన: ఆటలో ఖాళీగా వదిలేస్తే?

తమ్ముడు: వెయ్యాలి.

మా ఆయన: పాస్ ఇవ్వొచ్చుగా.

తమ్ముడు: వెయ్యాలి బావా. తప్పినా సరే.

దీని మీద ఇంకో అరగంట నడిచింది, తేలలేదు. మోచెయ్యి సంగతిలో నేను మా ఆయన పక్కే. వంకరని చూసీ చూడనట్టు వదిలి ‘టైమొస్తే అదే వస్తుంది’ అంటే రాదు, కిడ్-గిల్‌క్రిస్ట్ అంతటివాడికి రాలేదు. ఖాళీగా ఉన్నప్పుడు వెయ్యాలా వద్దా అన్నదాంట్లో మాత్రం తమ్ముడి పక్కే. గ్యాలరీలో నా వైపు చూసిన ఆ చూపు నేను మళ్లీ చూడలేను.

మా ఆయన: సరే. నవంబర్లో సీజన్ మొదలయ్యేదాకా ఎన్ని పడ్డాయని అడగను. నవంబర్లో అడుగుతాను.

తమ్ముడు: నవంబర్లో కూడా త్రీలు అడక్కండి. ఫ్రీ త్రోలు అడగండి చాలు.

మా ఆయన: ఫ్రీ త్రోలైతే ఇప్పుడే అడుగుతాను.

అని లేచి మెట్ల దగ్గరికెళ్లి, పైకి కేకేశాడు. ఎన్ని వేశావని కాదు. బంతిలో గాలుందా, లైటు వేసి బయటికి రానా అని.